పురిటి పోరులో ఒరిగిన దేవతలు



మెక్సికో దేశానికి తూర్పు తీరాన వెరాక్రూస్ అనే రాష్ట్రం ఉంది. అక్కడి శిల్పులు పన్నెండు పదమూడు వందల ఏళ్ల కిందట మట్టితో కొందరు స్త్రీల బొమ్మలు చేశారు. బొమ్మలంటే గూట్లో పెట్టుకునే చిన్న బొమ్మలనుకునేరు. వాటిలో కొన్ని ఆడమనిషి ఎత్తుకు దగ్గరగా ఉంటాయి. ఆ రూపాలు రాణులవనీ, రాజుల తల్లులవనీ ఎవరూ చెప్పడం లేదు. తొలి కాన్పులో ప్రాణాలు పోగొట్టుకుని దేవతలైన ఆడవాళ్ల రూపాలవి అని పండితులు గుర్తించారు. ఆ దేవతలను సివాతెతేయో అంటారు, అంటే దివ్య స్త్రీలు. పురిట్లో చనిపోయిన ఒక మామూలు ఇల్లాలికి ఇంత గౌరవం ఇచ్చిన శిల్పం ప్రపంచంలో చాలా అరుదు. అందుకే ఈ పూట మీకు వాళ్ల కథ చెబుదామని వచ్చాను.

ముందు ఆ చోటు గురించి. వెరాక్రూస్ రాష్ట్రపు మధ్య భాగంలో, దక్షిణం వైపు, మిష్తెకీయా అనే పల్లపు ప్రాంతం ఉంది. పాపలోఆపాన్ నది, బ్లాంకో నది పారే నేల. వేడీ, తేమా, వరద నీరూ ఎక్కువ. పత్తి బాగా పండేది.  ఈ మిష్తెకీయాలో ఎల్ సపోతాల్ అనే చోట మట్టి దిబ్బలు ఉన్నాయి. 1971లో మాన్వెల్ తోర్రెస్ గుస్మాన్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఆధ్వర్యంలో అక్కడ తవ్వకాలు జరిగాయి. ఒక దిబ్బ లోపల చిన్న గుడి బయటపడింది. గుడిలో మృత్యుదేవుడు కూర్చుని ఉన్నాడు. పేరు మిక్త్లాన్‌తెకూత్లి, పాతాళానికి అధిపతి. ఎముకలు బయటికి కనబడే దేహం, పుర్రె ముఖం, తల మీద పెద్ద అలంకారం. ఆ విగ్రహాన్ని కాల్చకుండా పచ్చి మట్టితోనే చేశారు. కదిలిస్తే రాలిపోతుంది. అందుకని ఈనాటికీ అది దొరికిన చోటే ఉంది.

అదే దిబ్బలో మనుషుల సమాధులు, పోగు పోసిన ఎముకలు, వాటితో పాటు కాల్చిన మట్టితో చేసిన నిలువెత్తు స్త్రీమూర్తులు దొరికాయి. ఇవన్నీ క్రీస్తు శకం 600కూ 900కూ మధ్య కాలానివి. మూర్తుల్లో ముఖ్యమైనవి ఇప్పుడు వెరాక్రూస్ రాజధాని హలాపా నగరంలోని మానవశాస్త్ర మ్యూజియంలో ఉన్నాయి. మృత్యుదేవుడి సన్నిధిలో ఆడవాళ్లు బారులు తీరినట్టుగా ఆ మూర్తులను అక్కడ పూడ్చారు.

రేడియోలో బొమ్మ చూపించలేను కాబట్టి ఒక మూర్తి ఎలా ఉంటుందో నిదానంగా చెబుతాను.

ఆమె నిలబడి ఉంటుంది. పాదాలు నేల మీద గట్టిగా ఆని ఉంటాయి. నడుము నుంచి కిందికి పావడా లాంటి వస్త్రం. నడుముకు ఒక పాము చుట్టుకుని ఉంటుంది, అదే ఆమె ఒడ్డాణం. పైభాగాన వస్త్రం లేదు, మెడలో హారం ఉంది. చెవులకు గుండ్రని పెద్ద కమ్మలు. తల మీద ఎత్తైన కిరీటం లాంటి అలంకారం. కొందరి చేతిలో ధూపపు సంచీ ఉంటుంది. ఇక ముఖం. కళ్లు మూసి ఉంటాయి. రెప్పలు కాస్త ఉబ్బినట్టు, బరువుగా వాలి ఉంటాయి. పెదవులు విడివడి, నోరు కొద్దిగా తెరుచుకుని ఉంటుంది. ఆఖరి ఊపిరి వదిలాక మనిషి నోరు ఎలా ఉంటుందో అచ్చం అలాగే. ఆ ముఖాన నొప్పి తాలూకు వంకర లేదు. అలసట ఉంది. పని పూర్తిచేసి ఒరిగినవాళ్ల ముఖంలో కనబడే అలసట.

ఇలా నిలబడి ఉన్న మనిషి చనిపోయిన మనిషి. శిల్పి ఈ రెండిటినీ ఒకే దేహంలో పెట్టాడు. చావు ఆమె ముఖం వరకే వచ్చింది. ఒళ్లు ఇంకా నిటారుగా ఉంది. ఈ మూర్తుల అర్థమంతా నాకు ఇక్కడే కనబడుతుంది.

ఈ అర్థాన్ని వివరంగా తెలిపే రాత ఆధారం మనకు చాలా తరవాతి కాలం నుంచి దొరికింది. స్పానిష్ వాళ్లు 1521లో, అప్పటికి మధ్య మెక్సికోను ఏలుతున్న అజ్టెక్ ప్రజల రాజధానిని జయించాక, బెర్నార్దినో దె సాహాగున్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి అక్కడి పెద్దవాళ్లను అడిగి వాళ్ల ఆచారాలన్నీ రాయించాడు. అజ్టెక్ ప్రజల భాష నవాత్ల్ మాతృభాషగా గల పండితులు ఆయనతో పాటు పనిచేశారు. పన్నెండు భాగాల ఆ గ్రంథాన్ని ఫ్లోరెంటైన్ కోడెక్స్ అంటారు. అది అజ్టెక్‌ల గురించి రాసింది. ఎల్ సపోతాల్ మూర్తులు అంతకు ఆరు వందల ఏళ్లకు పైగా పాతవి. అయినా మూసిన కళ్లు, పాము ఒడ్డాణం, మృత్యుదేవుడి సన్నిధి, ఇవన్నీ చూసి పండితులు ఆ గ్రంథంలోని దివ్య స్త్రీల పేరే ఈ మూర్తులకు పెట్టారు. పాత తీరప్రాంతపు నమ్మకం తరవాతి రాజ్యాల్లోనూ కొనసాగిందని వాళ్ల అభిప్రాయం.

ఆ గ్రంథం ప్రకారం కాన్పు అంటే యుద్ధం. పురుడంటే ఆడదానికి పునర్జన్మ అని మన పెద్దవాళ్లు అంటారు కదా, అజ్టెక్‌లు ఇంకా సూటిగా అన్నారు. నొప్పులు పడే స్త్రీ యుద్ధభూమిలో ఉన్న సైనికుడితో సమానం. బిడ్డ బయటపడగానే మంత్రసాని యుద్ధంలో గెలిచినవాళ్లలా కేక పెట్టేది. ఆ తల్లి బాగా పోరాడిందనీ, ఒక బందీని పట్టుకొచ్చిందనీ ఆ కేకకు అర్థం. ఆ బందీ ఎవరంటే, అప్పుడే పుట్టిన పసిగుడ్డు. మగబిడ్డ బొడ్డుతాడును సైనికుల చేతికిచ్చి యుద్ధభూమిలో పాతిపెట్టించేవారు. ఆడబిడ్డ బొడ్డుతాడును ఇంట్లో పొయ్యి పక్కన పాతేవారు. అలా పొయ్యి దగ్గర మొదలైన ఆడపిల్ల, పెరిగి పెద్దదై, పురిటి మంచం మీద సైనికురాలయ్యేది.

మరి ఆ పోరులో ఓడితే? తొలిచూలు కాన్పులో తల్లి ప్రాణం పోతే?

అప్పుడు ఆమె దేవత అయ్యేది. ఆమెకు తలంటి, కొత్త బట్టలు కట్టి, జుట్టు విరబోసి ఉంచేవారు. పొద్దు వాలే వేళ భర్త ఆమెను వీపు మీద మోసుకుని బయలుదేరేవాడు. చుట్టూ మంత్రసానులు, ముసలమ్మలు డాళ్లూ కత్తులూ పట్టుకుని, యుద్ధపు కేకలు వేస్తూ నడిచేవారు. ఆ ఆయుధాలు తంతు కోసం పట్టుకున్నవి కావు, నిజంగా అవసరం పడేవి. దారిలో కుర్ర సైనికులు అడ్డం పడి శవాన్ని లాక్కోవడానికి చూసేవారు. ఆమె ఎడమచేతి నడిమి వేలు, తలవెంట్రుకలు దొరికితే తమ డాళ్లలో పెట్టుకుందామని. అవి దగ్గరుంటే యుద్ధంలో ధైర్యం వస్తుందనీ, శత్రువుల కళ్లు మసకబారతాయనీ వాళ్ల నమ్మకం. దివ్య స్త్రీల గుడి ముంగిట్లో ఆమెను పాతిపెట్టాక, భర్త తనవాళ్లతో కలిసి నాలుగు రాత్రులు అక్కడే కాపలా కాసేవాడు. ఒక సామాన్యుడి భార్య వేలి కోసం రాజ్యంలోని యోధులు పోట్లాడారంటే, ఆ సమాజం ఆమె దేహంలో ఎంత శక్తిని చూసిందో ఆలోచించండి.

తరవాత ఆమె వెళ్లే లోకం వేరు. మామూలు చావు చచ్చినవాళ్లు పాతాళానికి పోతారు. పురిట్లో పోయిన తల్లి సూర్యుడి దగ్గరికి పోతుంది. పొద్దున్నే తూర్పున పుట్టిన సూర్యుణ్ని యుద్ధంలో చనిపోయిన మగవాళ్లు వెంట ఉండి నడినెత్తికి తీసుకొస్తారు. అక్కడి నుంచి పని ఆడవాళ్లది. క్వెట్సాల్ పక్షి ఈకలతో చేసిన పల్లకిలో సూర్యుణ్ని ఎక్కించుకుని, ఉత్సాహంగా కేకలు పెడుతూ, పడమటికి మోసుకుపోతారు. పడమటి దిక్కుకే ఆడవాళ్ల దిక్కు అని పేరు. పొద్దు కుంకే చోట సూర్యుణ్ని పాతాళవాసులకు అప్పగిస్తారు. రోజులో సగం సూర్యుడి నడక ఈ తల్లుల భుజాల మీదే సాగుతుందని ఆ జనం నమ్మారు.

సూర్యుణ్ని అప్పగించేశాక వాళ్లేం చేస్తారో కూడా ఆ గ్రంథం చెబుతుంది. చెల్లాచెదురై భూమ్మీదికి దిగుతారు. దిగి, కదురు కోసం వెతుక్కుంటారు. నేతపని చెక్క కోసం, నూలు బుట్ట కోసం వెతుక్కుంటారు. ఒక్కోసారి భర్తకు కనబడి తన పావడా, రవిక ఏవని అడుగుతారు. ఎంత పెద్ద దేవత అయినా, సూర్యుణ్నే మోసినా, ఇల్లు విడిచి ఆమె మనసు పోలేదు. సగంలో ఆగిపోయిన నూలు ఆమెకు గుర్తుంది. ఈ ఒక్క వివరం చదివినప్పుడల్లా ఆ మూసిన కళ్ల మూర్తులు నాకు మనుషులుగా కనబడతాయి. మిష్తెకీయా ప్రాంతంలో చాలా చోట్ల ఆడవాళ్లు నూలు వడికిన కదుళ్ల తాలూకు మట్టి బిళ్లలు దొరుకుతాయి. మూర్తులు చేసిన మట్టీ, కదురు బిళ్లలు చేసిన మట్టీ ఆ నేలదే.

ఈ గౌరవంతో పాటు భయమూ ఉండేది. తీరని కోరికతో పోయిన తల్లి కదా, ఇతరుల పిల్లల మీద ఆమె కన్ను పడుతుందని జనం భయపడ్డారు. అజ్టెక్ పంచాంగంలో అయిదు రోజులు ఈ దేవతలు కిందికి దిగే రోజులు. ఆ రోజుల్లో పిల్లల్ని గడప దాటనిచ్చేవారు కారు. పిల్లలకు మూతి వంకరపోయినా, కాళ్లూచేతులూ పడిపోయినా వీళ్ల పని అనేవారు. నాలుగు దారులు కలిసే చోట వాళ్లకు గుళ్లు కట్టి, సీతాకోకచిలుకల ఆకారంలో, మెరుపుల ఆకారంలో రొట్టెలు చేసి నైవేద్యం పెట్టేవారు.

ఈ భయం అజ్టెక్ శిల్పంలో కూడా కనబడుతుంది. మెక్సికో నగరంలోని జాతీయ మానవశాస్త్ర మ్యూజియంలో అజ్టెక్‌ల కాలపు సివాతెతేయో రాతి విగ్రహాలు ఉన్నాయి. వాటి ముఖాలు పుర్రెలు. పళ్లు బయటికి వచ్చి, కళ్లు పెద్దగా తెరుచుకుని ఉంటాయి. పైకెత్తిన చేతులకు గోళ్లు మృగాల పంజాల్లా ఉంటాయి. చూడగానే జడుసుకుంటాం. వెరాక్రూస్ శిల్పులు అంతకు కొన్ని వందల ఏళ్ల ముందే ఇదే దేవతను చేస్తూ, ఆమెకు మనిషి ముఖాన్నే ఉంచారు. ఆమె చావును చూపించారు గానీ ఆమెను భూతంగా చేయలేదు. ఒకే నమ్మకానికి రెండు రూపాలు ఇవి. వీటిలో వెరాక్రూస్ మట్టిరూపమే గొప్పదని నేను గట్టిగా నమ్ముతాను. భయపెట్టే బొమ్మ చేయడం తేలిక. చనిపోయిన మనిషి ముఖాన్ని చెదరకుండా, అందంగా మార్చకుండా, ఉన్నదున్నట్టు మట్టిలో నిలపడం మహాశిల్పులకే చేతనవుతుంది.

ఇక ఆ చిహ్నాల సంగతి. పాము కుబుసం విడిచి మళ్లీ కొత్తదవుతుంది, నేలను అంటిపెట్టుకుని బతుకుతుంది. అందుకే మెక్సికో ప్రాచీన మతాల్లో అది భూమికీ, పంటకూ, పుట్టుకకూ గుర్తు. చనిపోయిన తల్లి నడుముకు పామును చుట్టడమంటే, ప్రాణం పోసే శక్తి ఆమె గర్భం దగ్గరే ఇంకా ఉందని చెప్పడం. ధూపపు సంచీ పూజారుల చేతిలో ఉండవలసిన వస్తువు. దాన్ని ఆమె చేతికిచ్చారంటే ఆమె పూజలు అందుకోవడమే కాదు, దేవుళ్ల ముందు కొలువు కూడా చేస్తుందన్నమాట.

ఈ మూర్తులను చేసే పని కూడా సామాన్యమైంది కాదు. ప్రాచీన అమెరికా ఖండంలో కుమ్మరి సారె లేదు. అంతా చేత్తోనే. ఇంత ఎత్తు మూర్తిని లోపల బోలుగా ఉంచుతూ, ముక్క మీద ముక్క అతుకుతూ పైకి కట్టాలి. గోడ మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అయితే ఆరేటప్పుడు పగుళ్లిస్తుంది. లోపల తేమ మిగిలితే మంటలో పేలిపోతుంది. నిలువెత్తు మట్టిమూర్తి ఒక్క పగులూ లేకుండా మంట దాటి వచ్చిందంటే, దాని వెనక తరతరాల చేతి అనుభవం ఉందని అర్థం. ఆ అనుభవం వెరాక్రూస్ మధ్యప్రాంతంలో క్రీస్తు శకం మొదలు నుంచీ పెరుగుతూ వచ్చింది.

ఆ ప్రాంతపు మట్టిలో ఇంకా ఎందరో ఆడవాళ్లున్నారు. రెమోహాదాస్ అనే చోట దొరికిన శైలిలో పిల్లను ఎత్తుకున్న తల్లులు, ఉయ్యాల ఊగే అమ్మాయిలు కనబడతారు. కొన్ని బొమ్మల్ని ఊదితే ఈల మోగుతుంది. నవ్వు ముఖాల బొమ్మలు వీటన్నిటిలో ప్రసిద్ధమైనవి. చేతులు పైకెత్తి, పళ్లు కనబడేలా నవ్వే యువతీయువకులు. ఆల్ఫోన్సో మెదెయిన్ సెనిల్ అనే పురావస్తు శాస్త్రవేత్త వీటిని తవ్వి వెలికితీశారు. నోబెల్ బహుమతి పొందిన కవి ఒక్తావియో పాస్ ఈ నవ్వు మీద ప్రత్యేకంగా వ్యాసం రాశారు.

మరొక దేవత త్లసోల్‌తెయోత్ల్. ఈమెను గుర్తుపట్టడం తేలిక. నోటి చుట్టూ నల్లగా ఉంటుంది. మెక్సికో తూర్పు తీరంలో నేల లోంచి తారు దానంతటదే ఊరుతుంది. దాన్ని అక్కడ చపొపొతె అంటారు. శిల్పులు ఆ తారునే తెచ్చి మట్టిబొమ్మల మూతికి పూశారు. ఎందుకంటే ఈమె మనుషుల మాలిన్యాన్ని తినే దేవత. మనిషి జీవితంలో ఒక్కసారి ఈమె పూజారి ముందు తప్పులు చెప్పుకుంటే ఆ పాపమంతా ఆమె తీసుకుంటుంది. తలకు వడకని దూది పట్టీ, జుట్టులో కదుళ్లు ఆమె అలంకారం. మంత్రసానులకు ఆమె ఇలవేల్పు. చూశారా, ఇక్కడ కూడా కదురూ కాన్పూ కలిసే ఉన్నాయి. దూదిని నూలుగా చేయడం, కడుపులో బిడ్డకు రూపమివ్వడం, ఈ రెండూ ఆ జనానికి ఒకే శక్తి చేసే రెండు పనులు.

ఇప్పుడు ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. ఈ మూర్తులను చాలా పుస్తకాల్లో టోటోనాక్ శిల్పాలు అని రాస్తారు. 1519లో స్పానిష్ వాళ్లు దిగినప్పుడు ఆ తీరంలో ఉన్నది టోటోనాక్ ప్రజలు. వాళ్ల పట్టణం సెంపోఆలా. అందువల్ల పాత తరం పండితులు ఆ నేలలో దొరికిన ప్రతిదానికీ వాళ్ల పేరే పెట్టారు. ఇప్పటి పండితులు ఎల్ సపోతాల్ వంటి చోట్లకు మధ్య వెరాక్రూస్ సంస్కృతి అనే పేరు వాడుతున్నారు. అయితే టోటోనాక్‌లకు తమవైన స్త్రీదేవతలు ఉన్నారనడానికి గట్టి సాక్ష్యాలే ఉన్నాయి. 16వ శతాబ్దపు సన్యాసి హెరోనిమో దె మెండియెటా వాళ్ల గొప్ప దేవత గురించి రాశారు. ఆమె సూర్యుడి భార్య. మనుషుల బలి ఆమెకు గిట్టదు. పావురాలు, చిన్న పిట్టలు, కుందేళ్లు చాలు. తమను నరబలి నుంచి ఆమే తప్పిస్తుందని టోటోనాక్‌లు ఎదురుచూసేవారట. ఇటీవలి కాలానికి వస్తే, ఫ్రెంచి పండితుడు అలాన్ ఇషోన్ 1969లో ప్రచురించిన పుస్తకంలో కొండల్లోని టోటోనాక్‌లు కొలిచే తల్లిదేవతల గురించి వివరించారు. కడుపులో బిడ్డకు రూపమిచ్చేదీ, మంత్రసానులను కాచేదీ ఆ తల్లులే.

టోటోనాక్ భాష మాట్లాడేవాళ్లు ఇవాళ రెండు లక్షల మందికి పైగా ఉన్నారు. పపాంత్లా దగ్గర, ఎల్ తహీన్ అనే ప్రాచీన నగరపు శిథిలాలకు చేరువలో వాళ్లు నడుపుకుంటున్న దేశీయ కళల కేంద్రంలో కుండల పని, నేత, వైద్యం పెద్దవాళ్ల దగ్గర పిల్లలు నేర్చుకుంటున్నారు. 2012లో యునెస్కో ఆ కేంద్రాన్ని వారసత్వ రక్షణకు ఆదర్శంగా గుర్తించింది. మట్టి పని అక్కడ ఆగిపోలేదు.

చివరగా నేను చెప్పదలచుకున్నది ఇది. కాన్పులో పోయిన తల్లిని దురదృష్టవంతురాలని చాలా సమాజాలు తొందరగా మరిచిపోయాయి. వెరాక్రూస్ శిల్పులు మరవలేదు. ఆమె పోరాడి ఒరిగిందని చెప్పారు, మృత్యుదేవుడి ఎదుటనే ఆమెను నిటారుగా నిలబెట్టారు. వాళ్లకు ఆమెను బతికించే మందు లేదు, రక్తం ఎక్కించే సాధనం లేదు. వాళ్ల చేతనైన గౌరవం వాళ్లు చేశారు. మనకు మందూ ఉంది, సాధనమూ ఉంది. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో గర్భం, కాన్పు కారణాల వల్ల సుమారు 2,60,000 మంది స్త్రీలు చనిపోయారు. అంటే రోజుకు 700 మందికి పైగా. వీటిలో ఎక్కువ చావులు ఆపగలిగినవే. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో నెలలు నిండిన చూలాలు ఉంటే, ఆమె పరీక్షలు తప్పకుండా జరిగేటట్టు, వేళకు ఆసుపత్రికి చేరేటట్టు చూడండి. ఆ తల్లి దేవత కానక్కరలేదు. బిడ్డతో క్షేమంగా ఇంటికి తిరిగొస్తే చాలు.